క్రీడాంగణం – నగర దర్పణం

ఒక నగరాన్ని తెలిసికొనడానికి మార్గాలు అనేకం. ప్రాచీన కట్టడాలను దర్శించేవారు దాని గతాన్ని తెలిసికొంటారు. అంగళ్ళలో సంచరించేవారు దాని వర్తమానాన్ని గ్రహిస్తారు. కరీబియన్ దీవులలో ఒకటైన ట్రినిడాడ్‌లో ఈ రెండూ ఒకేచోట కనిపిస్తాయి. ఆ చోటు క్రీడాంగణం.

ట్రినిడాడ్ టొబాగో దేశానికి రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్. ఆ నగరంలోని 'క్వీన్స్ పార్క్ ఓవల్' ప్రపంచ ప్రసిద్ధి గాంచిన క్రికెట్ మైదానం. దానికి ఉత్తరాన పచ్చని కొండల వరుస కనువిందు చేస్తుంది. మ్యాచ్ జరిగే రోజున అక్కడి ప్రేక్షకులు మౌనంగా కూర్చోరు. శంఖాలు పూరిస్తారు, వాద్యాలు మోగిస్తారు, ప్రక్కవారితో వాదానికి దిగుతారు. నలుగురూ చేరి తీరికగా కాలక్షేపం చేయడాన్ని వారు 'లైమింగ్' అంటారు. మన రచ్చబండ ముచ్చట్లకు అది దగ్గరి చుట్టం. అక్కడి చిరుతిండి 'డబుల్స్' - రెండు మెత్తని రొట్టెల నడుమ సెనగల కూర. 1845 నుండి 1917 వరకు కూలి ఒప్పందాలపై భారతదేశం నుండి వెళ్ళిన శ్రామికుల వంటల వాసన ఆ రుచిలో నిలిచి ఉంది. మద్రాసు రేవు నుండి వెళ్ళినవారిలో తెలుగువారూ ఉన్నారు.

ఈ ఉల్లాసం వెనుక ఒక సంఘర్షణ దాగి ఉంది. క్రికెట్ అక్కడికి వలస పాలకులతో వచ్చింది. ఒకప్పుడు ఆ నగరంలోని క్రీడా సంఘాలు సైతం శరీరవర్ణాన్ని బట్టి విడివడి ఉండేవి. ఈ విభజనను ట్రినిడాడ్‌లో జన్మించిన సి.ఎల్.ఆర్. జేమ్స్ 1963లో వెలువడిన 'బియాండ్ ఎ బౌండరీ' గ్రంథంలో వివరించాడు. వెస్టిండీస్ జట్టుకు నల్లజాతీయుడు పూర్తి సిరీస్‌కు నాయకుడు కావాలని ఆయన పత్రికాముఖంగా ఉద్యమించాడు. 1960లో ఫ్రాంక్ వారెల్‌కు ఆ గౌరవం దక్కింది. 1962లో ట్రినిడాడ్ టొబాగో స్వతంత్రమైంది. పాలకులు తెచ్చిన ఆట పాలితుల ఆత్మగౌరవానికి పతాకమైంది.

ఆత్మగౌరవం గలవారే ఇతరుల ప్రతిభను మనసారా మెచ్చగలరు. 1971 మార్చిలో వెస్టిండీస్‌పై భారత్ తన తొలి టెస్టు విజయాన్ని ఈ మైదానంలోనే సాధించింది. హైదరాబాద్ ఆటగాడు సయ్యద్ అబిద్ అలీ ఆ టెస్టు తొలి బంతికే వికెట్ పడగొట్టాడు. అదే మ్యాచ్‌తో టెస్టు రంగప్రవేశం చేసిన సునీల్ గవాస్కర్ ఆ సిరీస్‌లో 774 పరుగులు చేశాడు. తమ జట్టు ఓటమికి కారకుడైన ఆ యువకుణ్ణి కీర్తిస్తూ అక్కడి గాయకుడు లార్డ్ రిలేటర్ కలిప్సో గీతం కట్టాడు. ఓటమిని పాటగా మలచుకొన్న సహృదయత అది.

ఆట చూడడం ఒక ఎత్తు, ఆడడం మరొక ఎత్తు. ఓవల్‌కు సమీపంలోనే 'క్వీన్స్ పార్క్ సవానా' అనే విశాలమైన పచ్చిక మైదానం ఉంది. సాయంకాలం అక్కడ కొందరు పరుగు తీస్తారు, కొందరు ఫుట్‌బాల్ ఆడతారు, ప్రక్కనే కొబ్బరి నీళ్ళు అమ్ముతారు. తేలికైన బంతితో ఆడే 'విండ్‌బాల్' క్రికెట్ అన్నా ఆ దేశస్థులకు మక్కువ. ఇలాంటి ఆటలో చోటు అడిగిన అతిథి కేవలం ప్రేక్షకుడిగా మిగలడు. అతడు తొందరగా అవుటైనా నష్టం లేదు. అతనికి ఆ నగరంతో పరిచయం కలుగుతుంది. తోటి ఆటగాడు ఏ పదానికి నవ్వుతాడో, ఏ తప్పును క్షమిస్తాడో, ఏ మాటకు నొచ్చుకొంటాడో ఏ మార్గదర్శక గ్రంథమూ చెప్పదు.

విద్యార్థులారా! పరదేశానికి వెళ్ళినప్పుడు ఛాయాచిత్రాలతో తృప్తిపడక, అక్కడివారి ఆటలో పాలుపంచుకోండి. అయితే ఆ ఆట వెనుక ఉన్న చరిత్రను ముందుగా తెలిసికొనండి. ఆ చరిత్ర తెలియని చూపుకు అక్కడ బంతీ బ్యాటూ మాత్రమే కనిపిస్తాయి. తెలిసిన చూపుకు మనుషులు కనిపిస్తారు.

ప్రశ్నలు
1. పాలకుల ఆట పాలితుల ఆత్మగౌరవానికి ఎలా పతాకమైంది?
2. గవాస్కర్‌పై కట్టిన గీతం ట్రినిడాడ్ ప్రజల స్వభావాన్ని ఎలా వెల్లడిస్తుంది?
3. మీ ఊరికి వచ్చిన అతిథికి మీరు ఏ ఆటను పరిచయం చేస్తారు? ఎందుకు?