క్యాస్టర్ చూశాకే టో



నువ్వు వాట్సాప్‌లో పంపిన అలైన్‌మెంట్ ప్రింటు చూశాను. టో (చక్రాలు లోపలికో బయటికో చూడడం) పచ్చ, క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం) పచ్చ. అయినా ఎత్తు పెంచిన ఆ జిప్సీ ఆయన మళ్లీ వచ్చి, అరవై దాటితే స్టీరింగ్ చేతిలో నిలవడం లేదని గొడవ పడ్డాడని రాశావు. మిషన్ తప్పు చెబుతోందా అని నీ అనుమానం. మిషన్ తప్పు చెప్పలేదు. నువ్వు అడగనిది చెప్పలేదు, అంతే. ఆ కాగితంలో క్యాస్టర్ గడి చూడు, రెండు గీతలు తప్ప ఏమీ లేదు.

క్యాస్టర్‌ని మిషన్ నేరుగా కొలవదు. చక్రాలు టర్న్ టేబుళ్ల మీద ఉంచి, స్టీరింగ్‌ని ఎడమకి ఇంత, కుడికి ఇంత తిప్పితే (చాలా మిషన్లలో 20 డిగ్రీలు) ఆ తిప్పుడులో క్యాంబర్ ఎంత మారిందో చూసి లెక్క కడుతుంది. దానికి కాసేపు ఎక్కువ పడుతుంది. శనివారం సాయంత్రం మీ మియాపూర్ షాపు ముందు బండ్లు రోడ్డు దాకా నిలబడితే ఆ కాసేపు ఎవరిస్తారు? కంపెనీ ఎత్తులో ఉన్న కారుకి అది వదిలేసినా చాలాసార్లు నడిచిపోతుంది. ఎత్తు పెంచిన బండికి నడవదు. అందులో ముందు దెబ్బతినేది క్యాస్టరే.

సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది కదా, చేతులు వదిలినా కాసేపు తిన్నగా పోతుంది. జిప్సీలో ఆ వాలు కింగ్‌పిన్ గీతకి ఉంటుంది. వాలు ఉంటే మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటదే మధ్యకి వస్తుంది. వాలు పోతే రాదు. గుంటలో పడిన చక్రం కుదురుకోకుండా అటూ ఇటూ కొట్టుకుంటుంది, ఆ వణుకు స్టీరింగ్‌కి ఎక్కుతుంది.

ఇప్పుడు ఆ జిప్సీ సంగతి చూద్దాం. ముందూ వెనకా గట్టి యాక్సిల్, నాలుగు మూలలా కమాన్ కట్టలు. ఎత్తు కట్టలతో పాటు పొడుగు షాకిళ్లు (కట్ట కొసని ఛాసిస్‌కి కలిపే లింకులు) కూడా వేయించాడని రాశావు. అసలు గొడవ ఆ షాకిళ్లది. జిప్సీ ముందు కట్టకి షాకిల్ ఉండేది బంపర్ వైపున. అది పొడుగైతే కట్ట ముందు కొస కిందికి దిగుతుంది, యాక్సిల్ ముక్కు వంచుతుంది, కింగ్‌పిన్ పైభాగం ముందుకి వస్తుంది. ఎంత అంటావా? లెక్క సులువుగా ఉండాలని కట్ట రెండు కళ్ల మధ్య 1000 మి.మీ. అనుకో. షాకిల్ 50 మి.మీ. పెంచితే కట్ట దాదాపు 3 డిగ్రీలు వాలుతుంది. యాక్సిల్ మధ్యలో ఉంటుంది కనుక బండికి దక్కే ఎత్తు ఆ 50లో సగం, 25 మి.మీ. మాత్రమే. అంటే అంగుళం ఎత్తుకి 3 డిగ్రీల క్యాస్టర్ ధార పోశాడన్నమాట. కంపెనీ ఇచ్చిన క్యాస్టర్లో ఇక మిగిలేది ఏముంటుంది?

దీని మీద వెనక భాగం ఇంకా ఎక్కువ లేపి ఉంటే నష్టం మరికాస్త. జిప్సీ వీల్‌బేస్ 2375 మి.మీ. వెనక 40 మి.మీ. ఎక్కువ లేస్తే ఇంకో డిగ్రీ పోతుంది. అందుకే మిషన్ ఎక్కించకముందు టేపు తీసి, నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా కొలిచి రాసుకో. కుడి ఎడమల తేడా కూడా అక్కడే దొరికిపోతుంది.

మందు ఏమిటంటే మొదట ఆ పొడుగు షాకిళ్లు పీకించి కంపెనీవి వేయించు. ఆయన ఒప్పుకోకపోతే యాక్సిల్‌కీ కట్టకీ మధ్య టేపర్ ప్లేటు పెట్టాలి. ఇక్కడ కుర్రాళ్లు తరచూ తికమక పడతారు. జిప్సీలో కట్ట యాక్సిల్ కింద ఉంటుంది, కాబట్టి ప్లేటు మందం వైపు బంపర్‌కి రావాలి. మా ఆటోనగర్ లారీల్లో కట్ట యాక్సిల్ పైన కూర్చుంటుంది, అక్కడ మందం వైపు వెనక్కి పోవాలి. తిరగేసి పెట్టావో, ఉన్న కాస్తా పోతుంది. ఇంకో సంగతి. జిప్సీకి ముందు కూడా ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంది. క్యాస్టర్ కోసం యాక్సిల్ తిప్పిన కొద్దీ పినియన్ ముక్కు నేల చూస్తుంది, జాయింట్ క్రాసులు అరుస్తాయి. ఫోర్ వీల్‌లో నడిపి చూసి, ఎక్కడ రాజీ పడాలో అక్కడ ఆగు.

స్టీరింగ్ ఓ పక్కకి తిరిగి ఉందని టై రాడ్లు తిప్పేశానన్నావు. గట్టి యాక్సిల్ బండిలో టై రాడ్డు టో కోసం. స్టీరింగ్ మధ్యకి తెచ్చేది డ్రాగ్ లింకు. బండి లేచాక డ్రాగ్ లింకు ఏటవాలుగా నిలబడుతుంది, అడ్డంగా దాని అందుబాటు తగ్గుతుంది, స్టీరింగ్ ఓ పక్కకి పోతుంది. లింకు పొడవు సర్దితే మధ్యకి వస్తుంది గానీ, వాలు మరీ ఎక్కువైతే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా చక్రం దానంతటదే కొంచెం తిరుగుతుంది. దానికి ఎత్తుకి తగ్గట్టు చేసిన డ్రాప్ ఆర్మ్ వేయాలి, సర్దుబాటుతో పోదు. వణుకు కనబడకుండా స్టీరింగ్ డ్యాంపర్ అమ్మి పంపించే షాపులు ఉన్నాయి. అది జబ్బుని దాచడమే తప్ప నయం చేయడం కాదు. కింగ్‌పిన్ బేరింగుల్లో, రాడ్ ఎండ్లలో ఆట ఉందేమో చక్రం లేపి చేత్తో ఊపి చూశాకే మిగతా ఏదైనా.

కమాన్ కట్టలు పెంచినంత మాత్రాన గట్టి యాక్సిల్‌కి క్యాంబర్ మారదు. మారి కనిపిస్తే యాక్సిల్ వంగిందనో, బేరింగులు అరిగాయనో లెక్క.

టైరు మీద అరచెయ్యి రాయడం మానకు. లోపలి నుంచి బయటికి రాస్తే రంపం పళ్లలా గుచ్చుకుని, బయటి నుంచి లోపలికి నున్నగా జారితే టో ఇన్ ఎక్కువైంది. తిరగబడితే టో అవుట్. బండి ఎక్కడెక్కడ ఎలా నడిచిందో టైరే చెబుతుంది, మిషన్ ఇవాళ్టిది మాత్రమే చెబుతుంది.

మీ దగ్గరికి ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి 2020లో వచ్చిన కొత్త థార్లు, శ్రీసిటీలో తయారైన ఇసుజు వీ-క్రాస్‌లు. వీటికి ముందు గట్టి యాక్సిల్ లేదు, పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్. ఎత్తు స్ప్రింగులు వేస్తే ఆర్ములు కిందికి వేలాడతాయి, టో, క్యాంబర్, క్యాస్టర్ మూడూ కదులుతాయి. వరస మర్చిపోకు: ముందు క్యాస్టర్, క్యాంబర్, ఆఖరున టో. టో మొదట పెడితే, తర్వాత ఆర్ము కదిపినప్పుడల్లా అది చెడుతూనే ఉంటుంది. సర్దే కామ్ బోల్టులు చివరికంటా తిప్పినా లెక్క రాకపోతే ఆ ఎత్తు ఆ ఆర్ములతో కుదరదని బండి ఓనర్‌కి సూటిగా చెప్పు. ఆర్ము బుష్ బోల్టులు బండి గాల్లో ఉండగా బిగించకు. చక్రాలు నేలకి ఆనాక, బరువు పడ్డాక బిగించాలి. లేకపోతే రబ్బరు మెలి తిరిగి ఉండిపోయి తొందరగా చిరుగుతుంది.

ట్రయల్‌కి ముంబై హైవే మీదికి పోతే ఒకటి గమనించు. రోడ్డు ఎడమకి వాలి ఉంటుంది, కాబట్టి బండి కొంచెం ఎడమకి జారడం సహజం. సమంగా ఉన్న చోట కూడా లాగితేనే అనుమానించు. క్యాస్టర్ రెండు పక్కలా సమానం కాకపోతే బండి తక్కువున్న వైపుకి లాగుతుంది.  

చట్టం సంగతి కూడా తెలుసుకో. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. కట్టలు వేసింది మీరు కాకపోయినా, వచ్చినప్పటి ఎత్తు కొలత జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టించు.

కొత్త కట్టలు వేసిన రోజు ఉన్న ఎత్తులో ఉండవు, నడిచే కొద్దీ కూర్చుంటాయి. ఓ 500 కిలోమీటర్లు తిరిగాక బండిని మళ్లీ పిలిపించి యూ బోల్టులు బిగించు, ఎత్తు కొలువు, స్టీరింగ్ తిప్పి క్యాస్టర్ చూసి, టో సరిచూడు. ఆ రెండోసారికి డబ్బులు అడగొద్దని మీ షాపు ఓనర్‌తో నేను చెప్పానని చెప్పు.

మీ మామయ్య,
ఆటోనగర్, విజయవాడ