పక్కింటివారి పింఛనుపై ఫిర్యాదు చేయవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మా పక్కింటాయనకు కారు, మూడు వాటాల అద్దె ఇల్లు ఉన్నాయి. అయినా నెలనెలా ప్రభుత్వ పింఛను తీసుకుంటున్నారు. అద్దెలన్నీ నగదుగానే వసూలు చేస్తారు. ఫిర్యాదు చేస్తే తప్పా?

జవాబు: తప్పు కాదు. కానీ తొందరపడకండి. వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి రూ.4,000 అయింది. అది అందాలంటే కుటుంబ ఆదాయం గ్రామాల్లో నెలకు రూ.10,000, పట్టణాల్లో రూ.12,000 దాటకూడదు. సొంత కారున్నవారు అనర్హులు. టాక్సీ, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. ఆ కారు టాక్సీయేమో, వేరు కాపురం ఉన్న కొడుకుదేమో! ఇల్లు ఎవరి పేరున ఉందో కూడా మీకు తెలియకపోవచ్చు.

అనుమానం బలంగా ఉంటే గ్రామ లేదా వార్డు సచివాలయంలోగాని, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలోగాని అర్జీ ఇవ్వండి. పన్ను ఎగవేతపై ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో 2021 జనవరి నుంచి ప్రత్యేక ఫిర్యాదు సదుపాయం ఉంది. అయితే అద్దె నగదుగా తీసుకోవడమే నేరం కాదు. ఆదాయం పన్ను పరిమితి దాటినా చూపకపోతేనే ఎగవేత.

కళ్లారా చూసినదే రాయండి. వారి కాగితాలు తీయడం, నిలదీయడం, వీధిలో చెప్పడం వద్దు. హాని చేయాలని తెలిసీ అబద్ధపు సమాచారం ఇస్తే భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద మీరే నేరస్థులవుతారు.

పాత గొడవల కసితో మాత్రం అర్జీ రాయకండి. పొరపాటున ఆగిన పింఛను ఒక ముసలి ప్రాణానికి మందులు లేకుండా చేస్తుంది.