షేర్లు బోలెడు, ఆర్డర్లు అరకొర

ప్రశ్న: మాది తిరువూరు. మా తోటలోని చిన్నరసాలు, బంగినపల్లి కాయల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి అమ్ముతున్నాను. అందరూ షేర్ చేస్తారు, కొనేవాళ్లు తక్కువ. రెండు సీజన్లు గడిచాయి. మానేయమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మానొద్దండి, పద్ధతి మార్చండి. మనవాళ్లు మొహమాటానికి కూడా షేర్ చేస్తారు. దాన్ని గిరాకీ అనుకోకండి. మీరు బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపుతుంటే ఇంకో చిక్కుంది. మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. అందుకే ప్రతి పెట్టెలో నంబరు రాసిన చీటీ వేసి, సేవ్ చేసుకోమని అడగండి. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కేటలాగ్ ఉంటుంది. ధర, బరువు, పంపే రోజు అందులో రాసేయండి. ‘రేటెంత?’ అనే ప్రశ్నలు సగం తగ్గుతాయి.

ఇక ఓపిక సంగతి. ఫణీంద్ర సామాకు 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి బస్సు టికెట్ దొరకలేదు. 2006లో ఇద్దరు మిత్రులతో రెడ్‌బస్ అనే కంపెనీ మొదలుపెట్టారు. ముందు బస్సు ఆపరేటర్లకు సాఫ్ట్‌వేర్ ఇద్దామనుకుంటే వాళ్లు పట్టించుకోలేదు. సరే, మీ సీట్లు అమ్మిపెడతాం అన్నారు. అది పారింది. 2013లో ఐబిబో అనే సంస్థ ఆ కంపెనీని కొనేసింది. ఏడేళ్ల ఓపికే కాదు, మొదట్లోనే దారి మార్చుకోవడం కూడా అందులో ఉంది.

ఈసారి కాయ దిగకముందే పాత కొనుగోలుదారులకు స్వయంగా ఫోన్ చేయండి. ఒక్కరూ మళ్లీ అడక్కపోతే లోపం ప్రచారంలో కాదు, పెట్టెలో వెతకాలి. రసాలు మెత్తన, ప్రయాణానికి ఆగవు. కొరియర్‌కు బంగినపల్లే పంపండి, రసాలు చుట్టుపక్కల ఊళ్లకే ఉంచండి.