రోగం ఒకరికి, భారం ఇద్దరికి



ఇంట్లో ఒకరికి కిడ్నీలు పాడైతే మందుల గురించి, పథ్యం గురించి అందరూ చెబుతారు. దాని వల్ల భార్యాభర్తల మధ్య వచ్చే దూరం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. ఈ పాఠంలో దాని గురించి తెలుసుకుందాం.

గొడవలు ఎందుకు వస్తాయి?

డయాలసిస్ సాధారణంగా వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ సుమారు 4 గంటలు ఉంటుంది. రాకపోకలతో ఆ రోజంతా పోతుంది, కూలి కూడా పోతుంది. నీళ్లు కొలిచి తాగాలి, ఉప్పు తగ్గించాలి. వద్దని చెప్పే భార్య శత్రువులా కనబడుతుంది. ఒక్క గ్లాసు నీళ్ల దగ్గర మొదలైన మాట పుట్టింటి దాకా వెళ్తుంది.

రక్తహీనత వల్ల, నిద్ర లేక రోగికి నీరసం, చిరాకు వస్తాయి. దాంపత్య కోరిక తగ్గడం కూడా ఈ జబ్బులో మామూలే. భర్త సిగ్గుపడి చెప్పడు. భార్య తన మీద ప్రేమ పోయిందనుకుంటుంది. డాక్టరుగారితో చెప్పండి, వైద్యం ఉంది.

మా వార్డులో ఒక సోదరుడు అందరి ముందు భార్యను కేకలేశాడు. ఆమె వరండాలోకి వెళ్లి నిలబడింది. "ఏమైనా తిన్నావా అమ్మా?" అన్నాను. "ఆయన సంగతి అందరూ అడుగుతారు సిస్టర్, నన్ను అడిగింది మీరొక్కరే" అని ఏడ్చింది. ఆ మాట ఆయనకు చెప్పాను. తర్వాతిసారి ఆయనే "ముందు నువ్వు టిఫిన్ చేసి రా" అన్నాడు.

యోబు భార్య కఠినంగా మాట్లాడిందని ప్రసంగాల్లో వింటాం. చనిపోయిన ఆ పదిమంది బిడ్డలు ఆమెకూ బిడ్డలే అని మరచిపోతాం.

మనం ఏమి చేయాలి?

1. రోజూ పది నిమిషాలైనా జబ్బు ఊసు లేకుండా మాట్లాడుకోండి.

2. తోడు వెళ్లే పని ఒక్కరి మీదే వేయకండి. అన్నదమ్ములు, ఆడపడుచులు, సంఘస్థులు వంతులు వేసుకోవాలి.

3. అప్పు చేసే ముందు ఆరోగ్యశ్రీ గురించి అడగండి. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. పద్మారావు నగర్‌కు దగ్గరలోని గాంధీ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. ఖర్చులు, అప్పులు ఒకరికొకరు దాచుకోకండి.

4. కిడ్నీ ఇమ్మని భార్యను బలవంతపెట్టకండి. 1994 చట్టం ప్రకారం దాత తన ఇష్టంతోనే ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ప్రేమ లేదని కాదు.

5. ఇద్దరిలో ఎవరికైనా బ్రతకాలని లేదనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పండి, లేదా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఇది ఉచితం.

సోదరుడా, సోదరీ, పెళ్లినాడు ఆరోగ్యానికే కాదు, వ్యాధికి కూడా ప్రమాణం చేశాం. ఈ రాత్రి మీ ఇంట్లో రోగికి మందు ఇచ్చాక, ఆ మందు ఇచ్చిన చేతిని కూడా "నువ్వు తిన్నావా?" అని అడగండి.