లాట్రోబ్ గట్టు మీద నేర్చుకున్నవి

పిట్స్‌బర్గ్ పక్కన మన్రోవిల్‌లో కాపురం పెట్టిన కొత్తలో ఒక వేసవి మధ్యాహ్నం పక్కింటాయన నన్ను లాట్రోబ్ తీసుకెళ్ళాడు. అక్కడి సెయింట్ విన్సెంట్ కాలేజీ మైదానాల్లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ 1966 నుంచి శిక్షణ శిబిరం పెడుతోంది. కోవిడ్ వల్ల 2020, 2021లో మాత్రం నగరంలోని స్టేడియంలోనే సాధన చేశారు. ఆ రోజు మొదలు ఎన్నో వేసవులు ఆ గడ్డిగట్టు మీద గడిపాను. నా చూపంతా వెనక వరస మీదే, అంటే బంతి పట్టడానికి పరిగెత్తే రిసీవర్లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌లు (కార్నర్లు), వాళ్ళ వెనక కాపలా ఉండే సేఫ్టీల మీదే. ఈ మధ్య మనవడూ నాతో వస్తున్నాడు. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

1. బంతి వెంట కళ్ళు పోనివ్వకు.

బంతి గాల్లోకి లేచేసరికే కార్నర్ పని సగం తేలిపోయి ఉంటుంది. చిన్నప్పుడు మా ఊళ్ళో చెడుగుడు ఆడుతుంటే పెద్దవాళ్ళు చెప్పేవారు: కూతకొచ్చినవాడి చేతులు చూడకు, నడుం చూడు. భుజాలు, కళ్ళు ఎటైనా చూపించి మోసం చేస్తాయి. నడుం మాత్రం మనిషి ఎటు పోతాడో అటే తిరుగుతుంది. మంచి కార్నర్ కూడా రిసీవర్ నడుం మీదే చూపు నిలుపుతాడు. నేను కార్నర్ నడుం చూస్తాను. మోకాళ్ళు వంచి, వెనక్కి అడుగులేస్తూ, ఒక్క క్షణంలో తిరిగి పరుగందుకోవాలి. ముందే తిరిగాడా, రిసీవర్ రెండో పక్కకు కోసుకుపోతాడు. ఆలస్యం చేశాడా, వాడి వీపు మీద అంకె చదువుకోవడమే. తిరిగేటప్పుడు నిటారుగా లేచిపోయే కుర్రాడు ఎంత వేగంగా పరిగెత్తినా నాకు నమ్మకం కుదరదు. ఆ లేవడంలోనే ఒక అడుగు పోతుంది. ఈ ఆటలో ఆ అడుగు మళ్ళీ దొరకదు.

2. ఒకరితో ఒకరు తలపడే సాధనలో ఓడినవాణ్ణి తీసిపారెయ్యకు.

ఆ సాధనే రిసీవర్‌కు అనుకూలం. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎవరూ దూకరు, కార్నర్ వెనక సేఫ్టీ ఉండడు, పరిగెత్తడానికి బోలెడంత చోటు. బంతి పట్టాడా లేదా అన్నది కాదు, బంతి వచ్చేసరికి మనవాడు చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉన్నాడా అని చూడు. తర్వాత ఆ చెయ్యి ఏం చేస్తోందో చూడు. ఇదే జట్టులో ఆడిన మెల్ బ్లౌంట్ రిసీవర్లను దారి పొడుగునా నెట్టి నిలువరించేవాడు. ఐదు గజాలు దాటాక రిసీవర్‌ను తాకకూడదన్న నిబంధన 1978లో వచ్చింది. దాన్ని ఇప్పటికీ బ్లౌంట్ పేరుతోనే పిలుస్తారు. దాటిపోతున్నవాడి చొక్కా పట్టుకోవడం అలవాటైనవాడికి సాధనలో ఏమీ కాదు, మ్యాచ్‌లో తప్పుకు గుర్తుగా పసుపు జెండా పడుతుంది.

3. ఇంటర్‌సెప్షన్లు లెక్కపెట్టుకుంటూ కూచోకు.

ఇంటర్‌సెప్షన్ అంటే అవతలివాళ్ళు విసిరిన బంతిని మనవాడు పట్టుకోవడం. శిబిరంలో ఎవరు పట్టుకున్నారన్నదానికంటే ఎవరు విసిరింది పట్టుకున్నారన్నది ముఖ్యం. మూడో వరస క్వార్టర్‌బ్యాక్ గురితప్పి విసిరింది చేతిలో పడితే గట్టంతా కేకలేస్తుంది. ఈ జట్టు కార్నర్ ఐక్ టేలర్ 2003లో కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్ నాలుగో రౌండ్‌లో వచ్చాడు. మొత్తం ఆటజీవితంలో 14 ఇంటర్‌సెప్షన్లే. అయినా ఏళ్ళ తరబడి అవతలి జట్టు మేటి రిసీవర్ మీదికి అతన్నే పంపేవారు. ఎవరి వైపు బంతి విసరడానికి క్వార్టర్‌బ్యాక్ వెనకాడుతున్నాడో, వాడి పేరు రాసుకో.

4. సేఫ్టీని చూడాలంటే చెవి పెట్టాలి.

ఇద్దరు రిసీవర్లు అడ్డంగా దాటుకుంటూ పోతే ఎవరు ఎవర్ని అందుకోవాలో బంతి కదలకముందే అరిచి, చేత్తో సైగ చేసి చెప్పాలి. పెద్ద టచ్‌డౌన్ పడినప్పుడు పక్కనే కనబడ్డవాడే దోషి అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. తరచూ వాడు వేరేవాడి తప్పు సర్దడానికి పరుగెత్తుకొచ్చినవాడు. ఈ జట్టు సేఫ్టీ ట్రాయ్ పొలమాలు మొదటి ఏడాది, 2003లో, ఒక్క మ్యాచ్ కూడా ఆరంభ జట్టులో ఆడలేదు. 2020లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు. సేఫ్టీకి తలలో కుదురుకోవడానికి కాలం పడుతుంది, ఆగు.

5. ప్యాడ్స్ వేసుకునేదాకా తీర్పు చెప్పకు.

మొదటి రోజుల్లో అందరూ చురుగ్గానే ఉంటారు. కోచ్ మైక్ టామ్లిన్ హయాంలో రెండు గజాల గీత దగ్గర్నుంచి వరసగా ఏడు ఆటలు ఆడించేవారు. అక్కడ పారిపోవడానికి చోటుండదు. ఓడినవాడు వెంటనే తిరిగొచ్చి గీత మీద ఎలా నిలబడ్డాడో చూసేవాణ్ణి. భుజాలు జారాయా, చూపు కోచ్ వైపు పోయిందా, లేక ఎదుటివాడి నడుం మీదే ఉందా అని.

6. దూరంగా ఉన్న మైదానం కూడా చూడు.

తొంభై మందితో మొదలైన జట్టు చివరికి 53 మందికి తగ్గుతుంది. ఆఖరి కార్నర్‌కూ ఆఖరి సేఫ్టీకీ చోటు దొరికేది చాలాసార్లు అక్కడ సాధన చేసే బంతి తన్నే ఆటల్లోనే. ఈ జట్టు సేఫ్టీ డోనీ షెల్‌ను 1974 డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంపిక చేయలేదు. అలా వచ్చినవాడు 51 ఇంటర్‌సెప్షన్లు పట్టి హాల్ ఆఫ్ ఫేమ్ దాకా వెళ్ళాడు. పోయిన వేసవి జనమంతా క్వార్టర్‌బ్యాక్ వైపు ఎగబడ్డారు. నా మనవడు మాత్రం అటు చివర తన్నిన బంతి (పంట్) వెంట పరిగెత్తుతున్న, చొక్కా మీద పెద్ద అంకె ఉన్న ఒక కుర్రాణ్ణి వేలు పెట్టి చూపించాడు. "తాతయ్యా, వాడు నాలుగుసార్లూ అందరికంటే ముందే చేరాడు," అన్నాడు.