పాలు మానిన బాలింతకు

రాజమండ్రి

చిరంజీవి చిట్టికి,

పాప దొడ్డికి వెళ్ళినప్పుడు జిగురులో నెత్తురు చారలు కనబడ్డాయనీ, డాక్టరుగారు నిన్ను పాలూ పెరుగూ మానమన్నారనీ అమ్మ చెప్పింది. నా పాలే దానికి పడటం లేదని ఏడుస్తున్నావట. అలా అనుకోకు. పాపకి పడనిది నీ పాలు కాదు. నువ్వు తాగిన గేదెపాలలోని మాంసకృత్తులు ఏ కాస్తో అరక్కుండా నీ రక్తంలోకి, అక్కణ్ణించి చనుబాలలోకి వస్తాయి. లేత పేగు వాటికి వాచి, కాస్త నెత్తురు కారుతుంది. దీని వల్ల తల్లిపాలు మాన్పించాల్సిన పని లేదు. డబ్బా పాలు పట్టమని ఎవరైనా అంటే వినకు, మామూలు డబ్బా పాలు తయారయ్యేదే ఆవుపాలతో.

మా చిన్నవాడికీ ఇలాగే అయింది కనుక వంటింటి సంగతులు కొన్ని చెప్పగలను.

మొదటి రెండు నుంచి నాలుగు వారాలు మాత్రం చాలా గట్టిగా ఉండాలి. నెయ్యిలో పాలేం ఉంటాయని అత్తయ్యగారు అడుగుతారు. ఎంత కాచినా నేతిలో మాంసకృత్తుల జాడ మిగులుతుంది, అందుకని ఈ వారాల్లో అదీ వద్దు. మేకపాలు, ఏ2 పాలు అన్నీ ఒకే తాను గుడ్డలు, మార్చి లాభం లేదు. లాక్టోజ్ తీసేసిన పాలూ పనికిరావు. లాక్టోజ్ అంటే పాలలోని చక్కెర, మన గొడవ దానితో కాదు. తెలియకుండా నోట్లోకి పోయేవి వేరే ఉన్నాయి: చల్ల మిరపకాయలు, మజ్జిగ పోసి కలిపిన రవ్వ దోసె, గుళ్ళో చక్కెర పొంగలి, హోటల్ కూరల్లో వెన్న, నేతితో కలిపిన బాలింత కాయం. బిస్కెట్ ప్యాకెట్ మీద పాలున్న సంగతి విడిగా అచ్చు వెయ్యాలని మన దేశంలో నియమం ఉంది, అది చదువు. మిల్క్ సాలిడ్స్, వే, కేసినేట్ అన్నా పాలే.

ఇక నాకు అన్నిటికన్నా దిగులుగా ఉన్నది నీ తిండి గురించే. పాలు మానమంటే భయపడి పప్పు, వేరుశనగ, గోధుమ, వంకాయ కూడా మానేసి చారన్నంతో సరిపెట్టుకునే బాలింతల్ని చూశాను. డాక్టరు చెప్పనిది ఏదీ మానకు. నువ్వు పాలు తాగితేనే నీకు పాలు పడతాయన్నదీ నిజం కాదు. పాప ఎంత తాగితే అంత ఊరతాయి. నువ్వు కడుపునిండా తిని, దాహం వేసినప్పుడల్లా నీళ్ళు తాగితే చాలు.

పాలిచ్చే తల్లికి రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని ఐసీఎంఆర్ లెక్క. పాలు లేకుండా అది దొరకదని కాదు, కానీ మనసు పెట్టి తినాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. పొద్దున్నే రాగి జావ నీళ్ళతో కాచి బెల్లం వేసుకో. మునగాకు పప్పులో, పొడిలో, అట్టులో వెయ్యి. కూర ఏదైనా చివర్లో వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా చల్లు. మనవాళ్ళకి పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టుండదు, ఆ వెలితి నాకు తెలుసు. చివర్లో కొబ్బరిపాలు కలిపిన అన్నానికి ఆవాలూ కరివేపాకూ తాలింపు పెట్టుకుని, మాగాయ టెంక నంజుకో. సున్నుండలకి నువ్వుల నూనె పోసి చుట్టినా బాగుంటాయి.

తిండితో పాటు మాత్రలూ కావాలి. ప్రసవం తర్వాత ఆరు నెలల దాకా రోజుకి రెండు కాల్షియం బిళ్ళలు ప్రభుత్వాసుపత్రుల్లోనే ఇస్తారు. ఐరన్ బిళ్ళతో కలిపి మింగకు, మధ్య ఎడం ఉంచు. ఇంకొకటి తప్పక అడగాలి: బి12. నువ్వు గుడ్డు కూడా ముట్టవు, ఇన్నాళ్ళూ నీకది పాలూ పెరుగుల నుంచే వస్తోంది. అది తగ్గితే నీ పాలలోనూ తగ్గుతుంది, పాప మెదడు ఎదుగుదల మీద పడుతుంది. డాక్టరుగారు మరిచిపోయినా నువ్వు అడుగు.

నెత్తురు ఆగాక ఇంట్లో అందరూ ఇక కదిలించొద్దంటారు. కానీ చారలు కొంతమంది పిల్లల్లో వాటంతట అవే పోతాయి. అందుకని డాక్టరుతో చెప్పి, నువ్వు మళ్ళీ పాలు తాగి చూడాలి. చారలు తిరిగి వస్తేనే పాల వల్ల అని తేలుతుంది. రాకపోతే హాయిగా పెరుగు వేసుకో. అనుమానం మీద నెలల తరబడి మానడం నీకు మంచిది కాదు. ఒకవేళ పాపకి ఎప్పుడైనా పాలు తాగిన రెండు గంటల్లోపు దద్దుర్లు లేచినా, మొహం వాచినా, అది వేరే రకం ఎలర్జీ, అప్పుడు ఇంట్లో ప్రయోగం వద్దు. వాంతులు ఆగకపోయినా, బరువు పెరగకపోయినా ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఉత్త ఏడుపూ, పచ్చటి విరేచనమూ మాత్రం చూసి పాల మీదకి నెట్టకండి.

పాల వల్లే అని తేలినా, ఎక్కువమంది పిల్లలకి ఏడాది నుంచి మూడేళ్ళలోపు పాలు పడతాయి. కనీసం ఆరు నెలలు మానాక, పాప తొమ్మిది పన్నెండు నెలల మధ్య ఉండగా డాక్టరు చెప్పిన ప్రకారం, బాగా కాల్చిన బిస్కెట్‌లో ఉన్నంత పాలతో మొదలుపెడతారు. మావాడికీ అలాగే మొదలుపెట్టారు, ఇప్పుడు గిన్నెడు పెరుగు తింటాడు.

నెయ్యి సంగతి అత్తయ్యగారికి నువ్వు చెప్పి మాటలు పడొద్దు, ఆదివారం నేనే ఫోన్ చేసి నచ్చజెబుతాను. నువ్వుండలూ, మునగాకు పొడీ కొరియర్‌లో వేశాను. రెంటిలోనూ నెయ్యి తగల్లేదు.

మీ అక్క