మీటరు ముల్లు, బరువెక్కిన స్టీరింగు: అల్లుడికి ఆరు మాటలు

అల్లుడూ, తామరైపాక్కం కూట్‌రోడ్డులో సొంతంగా షెడ్డు తెరుస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. 1998లో మన తిరువళ్ళూరు దగ్గరే హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు లాన్సర్ కార్లు తయారుచేయడం మొదలుపెట్టినప్పుడు, పవర్ స్టీరింగు బండి మన జిల్లాలోనే పుడుతోందని పొంగిపోయినవాళ్ళలో నేనొకణ్ణి. ఆ కాలపు బండ్లన్నీ ఇప్పుడు ముసలివయ్యాయి. నీ షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా అవే. మీటరు పనిచేయడం లేదనో, స్టీరింగు తిరగడం లేదనో వస్తారు. నలభై ఏళ్ళుగా ఈ రెండు జబ్బులతో తలపడ్డాను కాబట్టి రాస్తున్నాను.

1. బానెట్ ఎత్తేముందు బండి మనిషితో మాట్లాడు.

ఎప్పుడు మొదలైంది? మెల్లగా ముదిరిందా, ఒక్కసారిగా వచ్చిందా? వానలో తిప్పారా? ఈమధ్య క్లచ్ మార్పించారా? ఈ చివరి ప్రశ్న మరిచిపోవద్దు. క్లచ్ కోసం గేర్‌బాక్సు దించినవాళ్ళు మీటరు కేబులో, స్పీడు సెన్సర్ కప్లరో తిరిగి తగిలించడం మరిచిపోయిన బండ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. కప్లర్ నొక్కితే పని అయిపోతుంది. దానికి మీటరు విప్పి బల్ల మీద పరిచినవాళ్ళూ ఉన్నారు.

2. రెండు జబ్బులు ఒకేరోజు వస్తే మూలం ఒకటేనేమో చూడు.

ఒక ఏడాది కార్తీకంలో పూండి గేట్లు ఎత్తారు. కొసస్తలై ఏరు మన ఆనకట్ట మీదుగా దూకి పారింది, రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. అందులో పడి వచ్చింది ఒక చిన్న కారు, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగుది. రిటైరైన అయ్యవారొకరిది. మర్నాడు మీటరు ముల్లు సున్నా దగ్గరే పడుకుంది, స్టీరింగు దీపం వెలిగింది, చక్రం రాయిలా బిగిసింది. మరో షెడ్డులో స్టీరింగు మోటారు మొత్తం మార్చాలని చెప్పారట. ఆయన పింఛను ఎంతో నాకు తెలుసు. వాళ్ళు అడిగిన మొత్తం విన్నాక ఆయన ముఖం చూడలేకపోయాను.

నిజానికి అలాంటి బండ్లలో స్పీడు సెన్సర్ కబురు మీటరుకు మాత్రమే కాదు, స్టీరింగు కంప్యూటరుకు కూడా వెళ్తుంది. బండి నిలబడినప్పుడు ఎక్కువ సాయం, వేగం పెరిగేకొద్దీ తక్కువ సాయం ఇవ్వాలంటే దానికి వేగం తెలియాలి. ఆ కబురు రాకపోతే దీపం వెలిగించి సాయం ఆపేసే బండ్లు ఉన్నాయి. గేర్‌బాక్సు మీది కప్లర్ లాగి చూస్తే లోపల బురదనీళ్ళు, పిన్నుల మీద పచ్చటి చిలుము. కడిగి, ఆరబెట్టి, పిన్నులు శుభ్రం చేసి తగిలించాను. రెండూ లేచాయి. తర్వాతి ఆడికృత్తికకు ఆయన అదే బండిలో తిరుత్తణి కొండెక్కి వచ్చి, విభూతి పొట్లం నా చేతిలో పెట్టాడు.

ఈ రకం స్టీరింగుకు ఇంకో శత్రువు కరెంటు లోపం. బ్యాటరీ నీరసించినా, ఎర్త్ వైరు తుప్పుపట్టినా అది పనిచేయదు. మోటారును అనుమానించే ముందు మల్టీమీటరు పెట్టు.

3. ముల్లు ఎలా ఆడుతుందో చూస్తే సగం తెలుస్తుంది.

కేబుల్ మీటరులో అయస్కాంతం ఒక అల్యూమినియం గిన్నెలో తిరుగుతుంది. రెండూ తగలవు. తిరిగే అయస్కాంతం గిన్నెను తనతో తిరిగేలా లాగుతుంది, సన్నటి స్ప్రింగు వెనక్కి పట్టుకుంటుంది, ఆ లాగులాటే ముల్లు చూపే వేగం. జర్మనీలో ఓట్టో షుల్జే 1902లో పేటెంటు పొందిన ఏర్పాటు ఇది. ముల్లు వణుకుతుంటే కేబుల్ ఎండిపోయిందో, ఎక్కడో మడతపడిందో. ముల్లూ కిలోమీటర్ల అంకెలూ రెండూ ఆగితే కేబుల్ తెగిందో, గేర్‌బాక్సులో దాన్ని తిప్పే పళ్ళచక్రం అరిగిందో. అంకెలు తిరుగుతూ ముల్లు మాత్రం పడిపోతే జబ్బు మీటరులోనే. ముల్లు బాగుండి అంకెలు ఆగితే చాలాసార్లు లోపలి ప్లాస్టిక్ పళ్ళచక్రమే విరిగివుంటుంది.

జపాను లెక్క ప్రకారం కట్టిన బండ్లలో కేబుల్ కిలోమీటరుకు 637 చుట్లు తిరుగుతుంది. 60 వేగమంటే నిమిషానికి కిలోమీటరు కనుక, నిమిషానికి 637 చుట్లు. సెన్సర్ బండ్లలో వైర్లు సాధారణంగా మూడు: కరెంటు, ఎర్త్, సిగ్నల్. బండిని స్టాండు మీద ఎత్తి, తాళం ఆన్ చేసి, గేరు తీసి, బండి చక్రం చేత్తో తిప్పుతూ సిగ్నల్ వైరులో వోల్టేజి పైకీ కిందికీ మారుతోందా చూడు. మారుతోంటే సెన్సర్ నిర్దోషి, అక్కణ్ణుంచి మీటరు దాకా వైరు వెతుకు. మన పక్క వరిపొలాల ఎలుకలు బానెట్ కింద కాపురం పెడతాయి, అది గుర్తుంచుకో.

4. ఆయిలు పవర్ స్టీరింగు బరువైతే ముందు టైర్లలో గాలి చూడు.

తర్వాత పంపును తిప్పే బెల్టు. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు కీచుమంటే బెల్టు జారుతోంది. ఆ తర్వాత ముందు చక్రాలు రెండూ స్టాండ్ల మీద లేపి, ఇంజిను ఆపి, స్టీరింగు చేత్తో తిప్పు. నేల బరువు లేనప్పుడు కూడా గట్టిగా పట్టేస్తుంటే పంపుది తప్పు కాదు. స్టీరింగు రాడ్డు జాయింటో, బాల్‌జాయింటో బిగుసుకుపోయింది.

ఈ పని చేయకుండా నేనొక తప్పు చేశాను. కూరగాయలు వేసుకుని రెడ్‌హిల్స్ తిరిగే మనిషి బండికి స్టీరింగు రాక్ పోయిందని తేల్చి మార్చాను. ఆయన అప్పు చేసి కట్టాడు. బరువు తగ్గలేదు. చివరికి చూస్తే స్టీరింగు రాడ్డు కింది జాయింటు తుప్పుపట్టి బిగుసుకుంది. డబ్బు తిరిగి ఇచ్చాను, కానీ ఆ మనిషి పది రోజులు వ్యాపారం పోగొట్టుకున్నాడు. దాన్ని నేను ఇవ్వలేకపోయాను. ఆ మంచి రాక్ ఇప్పటికీ మా ఇంటి వరండాలో ఉంది.

5. ఆయిలు డబ్బాలో నురగ కనబడితే గాలి చేరింది.

గుయ్ మని రొద కూడా ఉంటుంది. డబ్బా నుంచి పంపుకు వెళ్ళే పైపు బిగింపు చూడు, అక్కడ చుక్క కారకపోయినా గాలి పీలుస్తుంది. రాక్ చివర రబ్బరు బూటు నొక్కినప్పుడు ఆయిలు తగిలితే సీలు పోయింది. ఆయిలు రకం మూత మీదో పుస్తకంలోనో రాసివుంటుంది, ఏదో ఒకటి పోయకు. గాలి తీయడానికి ముందు చక్రాలు లేపి, ఇంజిను ఆపి, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి నిదానంగా తిప్పుతూ ఆయిలు తగ్గకుండా పోస్తూ ఉండు. ఇంజిను నడుస్తున్నప్పుడు చివరిదాకా తిప్పి అలాగే పట్టి ఉంచకు, పంపు కాగిపోతుంది.

6. మీటరు మారిస్తే పాత అంకె బిల్లు మీద రాయి.

పాత బండి నుంచి తెచ్చిన మీటరు వేరే అంకె చూపుతుంది. ఏ తేదీన, ఏ అంకె దగ్గర మార్చావో రాసి సంతకం పెట్టు. తగ్గించి పెట్టమని అడిగేవాళ్ళు వస్తారు, ఒప్పుకోకు. ఆ బండి రేపు కొనేది కూడా మన ఊరి మనిషే. బండి అప్పగించే ముందు బండిమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని తెల్లవారుజామున తిరువళ్ళూరు రోడ్డెక్కు. 60 దగ్గర ముల్లు నిలిపి, ఒక కిలోమీటరు రాయి నుంచి మరో రాయికి ఎన్ని సెకన్లో ఆయన్నే లెక్కపెట్టమను.